జడ్జ్ కావాలా, వార్డెన్ కావాలా?

ఈ వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులమంతా తలా కొంత వేసుకుని హాస్టల్‌కు ఆటవస్తువులు కొనివ్వాలని అనుకున్న సంగతి మీ అందరికీ తెలిసిందే. అనుకోవడం తేలికే అయింది, ఏం కొనాలన్నదే తేలలేదు. ఎక్కువమంది క్రికెట్ కిట్టు అన్నారు. కొందరు వాలీబాల్, నెట్టు అన్నారు. డిస్క్ గోల్ఫ్ పట్టర్లు కొందామని మేము అన్నప్పుడు మీటింగులో నవ్వులు వినిపించాయి. నవ్వినవారి మీద మాకు కోపమేమీ లేదు. అదేమిటో తెలియక నవ్వారు, తెలియజెప్పే పని మాది. అయితే ఇందులో ఇంకో చిక్కుంది. పట్టర్లే కొనాలని గట్టిగా అన్న మాలోనే, ఏ పట్టర్ అనే దగ్గర రెండు పక్షాలయ్యాయి. ఆ పేచీని కూడా దాచకుండా మీ ముందు పెడుతున్నాం. చందా ఇచ్చినవారికి తమ డబ్బు దేనికి పోతుందో తెలుసుకునే హక్కుంది కదా!

ముందు క్రికెట్ కిట్టు మాట. మేమూ ఆడినవాళ్ళమే, మాకు క్రికెట్ మీద పగ లేదు. కానీ హాస్టల్‌లో క్రికెట్ ఎలా జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. తొమ్మిది, పది తరగతుల అన్నలు బ్యాటు పడతారు. ఎనిమిదో తరగతి వాళ్ళలో ఇద్దరు ముగ్గురికి బౌలింగు దొరుకుతుంది. ఆరో తరగతి తమ్ముడు ముళ్ళపొదల్లో పడ్డ బంతిని వెతికి తెస్తాడు. అన్నలు పదో తరగతి పాసై వెళ్ళిపోయేవరకు అతని ఆట అదే. సాయంత్రం ఆటల గంట గంటన్నరలో స్నానం, బట్టలు, ప్రార్థన పోగా మిగిలేది ముప్పావు గంట. ఆ ముప్పావు గంటలో అరవైమంది పిల్లల్లో బ్యాటు ముట్టుకునేది పదిమంది. కిట్టు కొత్తదైనా పాతదైనా ఈ లెక్క మారదు. మా వాదనంతా ఈ లెక్క మీదే నిలబడి ఉంది.

డిస్క్ గోల్ఫ్‌లో ఎవరి పళ్ళెం వాళ్ళు విసురుకుంటారు. గోల్ఫ్‌లో కర్రతో బంతిని కొట్టి గుంతలో వేస్తారు, ఇందులో చేత్తో పళ్ళెం విసిరి గొలుసులు వేలాడే బుట్టలో వేస్తారు. తక్కువ విసుర్లలో వేసినవాడు గెలిచినట్టు. ముందు దూరంగా విసిరే రకాన్ని డ్రైవర్ అంటారు, మధ్యదూరానిది మిడ్‌రేంజ్, బుట్ట దగ్గరకు చేరాక గురిచూసి వేసేది పట్టర్. నలుగురైదుగురు కలిసి నడుచుకుంటూ ఆడతారు. ఒకరి తర్వాత ఒకరు విసరాల్సిందే, ఎవరి వంతూ ఎవరూ లాక్కోలేరు. బంతి ఏరుకొచ్చే ఉద్యోగం ఎవరికీ ఉండదు. ఈ ఒక్క గుణం చాలు మాకు.

ఈ ఆట ఎక్కడిదో కూడా చెప్పాలి, ఎందుకంటే దాని పుట్టుక మన మెస్సుకు దగ్గరగానే ఉంది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఫ్రిస్బీ అనే బేకరీ ఉండేది. అక్కడి రొట్టెల కింద వచ్చే రేకు పళ్ళేలను కాలేజీ కుర్రాళ్ళు తిన్న తర్వాత గాలిలో విసురుకునేవారు. అన్నం తిని కుళాయి దగ్గరకు వెళ్తూ స్టీలు కంచాలు విసురుకుని తిట్లు తిన్న మనవాళ్ళకు ఇదేమీ వింతగా ఉండదు. వాల్టర్ ఫ్రెడ్రిక్ మోరిసన్ అనే ఆయన తయారుచేసిన ప్లాస్టిక్ పళ్ళేన్ని వామ్-ఓ కంపెనీ 1957లో మార్కెట్లోకి తెచ్చింది. ఆ కంపెనీలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ 1970లలో గొలుసుల బుట్టను కనిపెట్టాడు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్‌లో మొదటి శాశ్వత మైదానం, 1976లో క్రీడాకారుల సంఘం పీడీజీఏ, రెండూ ఆయన చలవే. 2002లో ఆయన చనిపోయాక, ఆయన కోరిక ప్రకారమే చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి కొన్ని పళ్ళేలు పోశారు. మనం గోదావరిలో కలుపుతాం, వాళ్ళు గాలిలో విసిరారు! ఇప్పుడు ప్రపంచంలో ఈ ఆట మైదానాలు పదివేలకు పైగా ఉన్నాయి, ఎక్కువభాగం పార్కుల్లో, టిక్కెట్టు లేకుండా. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగువాళ్ళలో ఆదివారం పూట ఇది ఆడేవాళ్ళూ ఉన్నారు. అలాంటి మన పూర్వ విద్యార్థి అన్న ఒకరు సెలవులకు వచ్చినప్పుడు ఐదు పట్టర్లు తెచ్చి ఇచ్చారు. మా అభిప్రాయాలన్నీ ఆ ఐదింటిని రుషికొండ గాలిలో విసిరి చూసి ఏర్పరచుకున్నవే.

ఆ ఐదూ ఇవి: ఇన్నోవా కంపెనీ వారి ఏవియార్, డిస్‌క్రాఫ్ట్ వారి చాలెంజర్, డైనమిక్ డిస్క్స్ వారి జడ్జ్, ఆ కంపెనీదే వార్డెన్, స్వీడన్ దేశపు కాస్టాప్లాస్ట్ వారి బర్గ్. అవును, పట్టర్ పేరే వార్డెన్. మేము పెట్టిన పేరు కాదు, వార్డెన్ గారు కూడా విని నవ్వారు. కాన్సాస్ రాష్ట్రంలోని ఆ కంపెనీ తన పళ్ళేలకు జడ్జ్, వార్డెన్, షెరిఫ్ అని కోర్టుల, పోలీసుల పేర్లు పెడుతుంటుంది.

పైకి చూస్తే ఐదూ ఒక్కలాగే ఉంటాయి. అడ్డంగా దాదాపు 21 సెంటీమీటర్లు, బరువు 175 గ్రాములకు అటూ ఇటూ. అంతర్జాతీయ నియమం ప్రకారం పళ్ళెం వ్యాసంలో ఒక్కో సెంటీమీటరుకు 8.3 గ్రాములు మించకూడదు. అందుకే పట్టర్లు 176 గ్రాముల దగ్గర ఆగిపోతాయి. తేడా అంచులో ఉంది. పళ్ళెం తిరగేసి అంచు కింద వేలితో తడిమి చూడండి. జడ్జ్‌కు అడుగున సన్నని గాజు అంటించినట్టు ఒక గట్టు తగులుతుంది. దాన్ని బీడ్ అంటారు. వార్డెన్‌కు అది ఉండదు, అంచు నున్నగా ఉంటుంది. మిగతా ఆకారమంతా ఇంచుమించు ఒకటే. ఈ గాజు ఉండాలా వద్దా అన్నదే మాలో పేచీ.

జడ్జ్ పక్షం వారి మాట ఇది. గట్టు ఉంటే వేళ్ళకు ఆనవాలు దొరుకుతుంది, ప్రతిసారీ ఒకేచోట పట్టుకోవచ్చు. అంచు కూడా నేలకు కొట్టుకున్నప్పుడు గట్టిగా నిలుస్తుంది, నెలల తరబడి దాని నడక మారదు. ఇదంతా నిజమే. పన్నెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన కెన్ క్లైమో పేరుతో వచ్చిన కేసీ ఏవియార్‌కు పెద్ద గట్టే ఉంటుంది. అంతటివాడికి పనికొచ్చింది మనకు పనికిరాదా అని వారి ప్రశ్న.

మేము చెప్పేది వేరు. క్లైమో చెయ్యి వేరు, ఆరో తరగతి చదివే తమ్ముడి చెయ్యి వేరు. గట్టు వల్ల అంచు లోతు ఎక్కువైనట్టు ఉంటుంది. చిన్న చెయ్యి దాని చుట్టూ పూర్తిగా మూసుకోదు. మూసుకోకపోతే విసిరేటప్పుడు పిల్లవాడు గట్టును గోళ్ళతో పట్టి లాగుతాడు, పళ్ళెం ఆలస్యంగా వదులుతుంది, బుట్టకు కుడివైపు వెళ్తుంది. పదిమంది చిన్నపిల్లల చేత ఇరవయ్యేసి సార్లు విసిరించి చూశాం. జడ్జ్‌తో కుడివైపు తప్పిపోయినవి వార్డెన్‌తో చాలావరకు సరిపడ్డాయి. నున్నని అంచు చేతిలోంచి ఆలోచన లేకుండా జారిపోతుంది. మా ఓటు వార్డెన్‌కే. పదో తరగతి దాటినవారికి, అరచెయ్యి పెద్దవారికి జడ్జ్ మేలని ఒప్పుకుంటాం, కానీ ఈ డబ్బు వారికోసం కాదు.

ఈ పళ్ళేల మీద నాలుగు అంకెలుంటాయి, కొనేవారు అవి చదవడం నేర్చుకోవాలి. మొదటిది వేగం, రెండోది గాలిలో తేలడం, మూడోది మొదట్లో కుడికి తిరగడం, నాలుగోది చివర్లో ఎడమకు వాలడం. కుడిచేతి వాటం మనిషి అడ్డంగా విసిరినప్పటి లెక్క ఇది. జడ్జ్‌కు 2, 4, 0, 1. వార్డెన్‌కు చివరి అంకె అర మాత్రమే, అంటే ఇంచుమించు నిటారుగా పోతుంది. ఏవియార్ 2, 3, 0, 1. చాలెంజర్ కూడా అంతే, చివర్లో మాత్రం 2, కొంచెం గట్టిగా ఎడమకు వాలుతుంది. బర్గ్ 1, 1, 0, 2. అది తేలదు, వెళ్తుంది, పడుతుంది. అంకెలు కంపెనీవారు వేసుకున్నవి, ఒక కంపెనీ రెండుకూ మరొక కంపెనీ రెండుకూ తేడా ఉండొచ్చు. అయినా ఒకే కంపెనీ పళ్ళేలను పోల్చుకోవడానికి బాగా పనికొస్తాయి.

గాలి సంగతికి వద్దాం. పట్టర్లను పోల్చి రాసిన మాటలు అన్నగారు కొన్ని చదివి వినిపించారు. అందులో చాలావరకు చెట్ల మధ్య, చలిదేశంలో ఆడేవాళ్ళవి. వాళ్ళకు చలిలో ప్లాస్టిక్ గట్టిపడి చేతికి రాదు, అందుకని మెత్తటిది కొనమంటారు. మనకు చలి ఎక్కడిది? మే నెలలో ఎండలో అరగంట పెట్టిన మెత్తటి పట్టర్ తడిసిన అట్టలా వంగింది. విసిరేటప్పుడు వేళ్ళ మధ్యే మడత పడుతుంది. విశాఖకు గట్టి రకమే సరి. అయితే గట్టి రకంలోనూ రెండున్నాయి. ఖరీదైనది అద్దంలా మెరుస్తుంది, ఏళ్ళ తరబడి అరగదు, లూసిడ్, చాంపియన్ అనే పేర్లతో వస్తుంది. చవకైనది మామూలు ప్లాస్టిక్, ప్రైమ్, డీఎక్స్ అంటారు. అమెరికాలో చవకది పది డాలర్ల చుట్టుపక్కల, ఖరీదైనది పదిహేను నుంచి ఇరవై. ఇక్కడికి తెప్పిస్తే రవాణా, సుంకం అదనం. ఎక్కువ డబ్బు పెడితే ఎక్కువ మంచిది వస్తుందనుకుంటాం. పట్టర్ల విషయంలో అది నిజం కాదు. సముద్రపు ఉక్కపోతలో చెమట పట్టిన చేతికి ఆ అద్దం ప్లాస్టిక్ సబ్బులా జారుతుంది. చవక ప్లాస్టిక్ కొంచెం గరుకుగా ఉండి చెమటలోనూ పట్టు ఇస్తుంది. రాళ్ళమీద పడి త్వరగా అరుగుతుంది, అరిగినకొద్దీ ఎడమకు వాలడం తగ్గి కుడికి తిరగడం మొదలుపెడుతుంది. అయినా ఖరీదైనది ఒకటి కొనే డబ్బుకు చవకవి రెండు వచ్చే చోట రెండోదే కొనాలి. ఇద్దరు పిల్లలు ఆడతారు.

బరువు విషయంలో మాత్రం చిన్నపిల్లలకు తేలికవి ఇద్దామన్న సలహాను సగమే ఒప్పుకుంటాం. 150 గ్రాముల పళ్ళెం చిన్న చేతికి హాయిగా ఉంటుంది, పొద్దున్న గాలి లేనప్పుడు చక్కగా వెళ్తుంది. కానీ మన ఆటల గంట సాయంత్రం. మధ్యాహ్నం నుంచి సముద్రం మీది గాలి కొండవైపు కొడుతూ ఉంటుంది. ఆ గాలికి 150 గ్రాములది కాగితంలా లేస్తుంది. 165 నుంచి 170 మధ్యవి చిన్నవాళ్ళకు, ఆ పైవి పెద్దవాళ్ళకు అని మా సూచన.

గాలికి ఎదురుగా విసిరితే పళ్ళెం ఉన్న వేగం కంటే ఎక్కువ వేగంతో పోతున్నట్టు నడుచుకుంటుంది. పైకి లేస్తుంది, కుడికి తిరుగుతుంది. గాలి వాలున విసిరితే తేలకుండా త్వరగా కిందకు దిగి ఎడమకు వాలుతుంది. పక్కగాలి ఇంకా తమాషా. మనం భీమిలి వైపు తిరిగి విసిరితే సముద్రం కుడివైపు ఉంటుంది. పళ్ళెం చివర్లో ఎడమకు వాలినప్పుడు దాని అడుగు భాగం సముద్రం వైపు తెరుచుకుంటుంది, గాలి కిందనుంచి పట్టి ఇంకా లోపలికి, రోడ్డు వైపు తేల్చుకుపోతుంది. అదే విశాఖ వైపు తిరిగి విసిరితే సముద్రం ఎడమన ఉంటుంది, గాలి పళ్ళెం వీపు మీద తగిలి నేలకు నొక్కేస్తుంది. ఎడమచేతి వాటం వారికి ఇదంతా తిరగబడుతుంది. సైన్సు పుస్తకంలో చదివి మార్కుల కోసం రాసిన గాలి పీడనం ఇక్కడ సాయంత్రం ఆరు గంటలకు కంటికి కనిపిస్తుంది. ఫిజిక్సు మాస్టారు గారు ఒకసారి వచ్చి చూడాలని మా మనవి.

బర్గ్ గురించి నాలుగు మాటలు ఎక్కువ చెప్పాలి. బర్గ్ అంటే స్వీడిష్ భాషలో కొండ అని అర్థం. కొండ పేరున్న పళ్ళెం రుషికొండకు వచ్చిందని అందరం సంబరపడ్డాం. పైన అంచు వెంబడి బొటనవేలు ఆనించుకోవడానికి గాడి ఉంటుంది. మన నేల ఏటవాలుగా ఉంటుందని తెలుసు కదా. మిగతా పట్టర్లు బుట్ట తప్పితే అవతల పడి అంచుమీద నిలబడి చక్రంలా దొర్లుకుంటూ కిందికి పోతాయి. ఒకసారి ఏవియార్ అలా దొర్లి కల్వర్టు దాకా పోయింది. బర్గ్ తప్పినా అక్కడే చతికిలపడుతుంది. భయం లేకుండా బుట్టమీదికి విసరొచ్చు. అందుకే మాలో ఒకరికి అదంటే ప్రాణం. కానీ అది తేలదు గనుక, పది మీటర్ల దూరం నుంచి వెయ్యాలన్నా చేతిబలం కావాలి. చిన్నపిల్లలు దానితో బుట్టదాకా వెయ్యలేక చిన్నబుచ్చుకుంటారు. రెండు కొని ఉంచితే చాలు, ఏటవాలు మీద ఆడేవారు మార్చుకుంటారు. ఏవియార్, చాలెంజర్ రెండూ మంచివే, వాటి గురించి చెడుగా చెప్పడానికి ఏమీ లేదు. వార్డెన్ దొరక్కపోతే గట్టులేని ఏవియార్ కళ్ళు మూసుకుని కొనవచ్చు.

ఇక మీటింగులో వచ్చిన అభ్యంతరాలు. దూరం పోయే డ్రైవర్లు కొంటే పిల్లలకు హుషారు కదా అన్నారు. డ్రైవర్ అంచు పలుచగా, పదునుగా ఉంటుంది. విసరడం రాని చేతిలోంచి అది ఎటు పోతుందో చెప్పలేం. అరవైమంది ఉన్న ఆవరణలో అది ఎవరి కణతకు తగిలినా ప్రమాదమే. పట్టర్ అంచు మొద్దు, వేగం తక్కువ. పైగా పట్టర్‌తో దూరం విసరడం వచ్చినవాడికి ఏదైనా వస్తుంది. బీచ్‌లో అమ్మే బొమ్మ ఫ్రిస్బీలు చాలవా అన్నారు. అవి మరీ పలుచన, రుషికొండ గాలికి తేలి సముద్రంలో పడతాయి. అల్టిమేట్ ఆటకు వాడే 175 గ్రాముల పెద్ద పళ్ళెం మంచిదే, అది జట్టు ఆట, దానికి పెద్ద మైదానం కావాలి, మనకు లేదు. మూడో ప్రశ్న గట్టిది: దీనివల్ల సర్టిఫికెట్టు వస్తుందా, ఉద్యోగంలో కోటా వస్తుందా? ఆ ఆశతో ఎవరూ ఈ ఆట నేర్చుకోవద్దని మేమే చెబుతున్నాం. పరుగుపందెం, కబడ్డీ అలాంటివారికి ఉన్నాయి, వాటికి కొనవలసిన సామాను కూడా పెద్దగా లేదు. కానీ అరవైమందిలో కోటా దాకా వెళ్ళేది ఎందరు? మిగిలినవాళ్ళ సాయంత్రాలకు ఏ విలువా లేదా?

ఒక షరతు మాత్రం కఠినంగా పెడుతున్నాం. బీచ్‌లో ఆడకూడదు. 2020లో మన రుషికొండ బీచ్‌కు బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిందని గర్వపడతాం, అయినా అక్కడి అలల లాగుడు ఎలాంటిదో ఒడ్డున పెరిగినవారికి తెలుసు. గోల్ఫ్ పళ్ళేలు చాలావరకు నీళ్ళలో మునుగుతాయి. పది డాలర్ల ప్లాస్టిక్ కోసం ఒక పిల్లవాడు నడుములోతు నీళ్ళలోకి దిగే పరిస్థితి రాకూడదు. చలికాలం నుంచి ఎండాకాలం మొదలయ్యేదాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరంలో గుడ్లు పెడతాయి, వాటి మీద తొక్కులాట వద్దు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు కూడా, ఎంత ముచ్చటగా ఉన్నా, ఆటస్థలం కాదు. అది భూగర్భ వారసత్వ స్థలం, అడుగుపెట్టినా మట్టి జారుతుంది. మన ఆవరణ, వెనక సరుగుడు తోట చాలు. ఈ ఆట పుట్టిన కొత్తలో బుట్టలు లేవు, చెట్లనూ స్తంభాలనూ గురిపెట్టి ఆడేవారు. మనం కూడా తొమ్మిది సరుగుడు చెట్లకు సున్నం పట్టీ వేసి తొమ్మిది గురులు చేసుకోవచ్చు.

బుట్ట ఒక్కటి చాలు, చివరి గురికి. దాన్ని కొననక్కరలేదు. పాత సైకిల్ రిమ్ము, నిలువు పైపు, దుకాణంలో తూకానికి దొరికే సన్న గొలుసు పన్నెండు ముక్కలు, కింద ఇనుప చువ్వల తట్ట. మధురవాడలో వెల్డింగు చేసే మన పాత బ్యాచ్ మిత్రుడు కూలి వద్దన్నాడు. గొలుసు పని పళ్ళేన్ని పట్టుకోవడం కాదు, దాని ఊపు చంపడం. బిగుతుగా కడితే పళ్ళెం కొట్టుకుని వెనక్కి వస్తుంది, వదులుగా వేలాడాలి. ఉప్పుగాలికి తుప్పు పడుతుంది గనుక ఏడాదికోసారి రంగు వెయ్యాలి. బుట్టకు పది మీటర్ల దూరంలో సున్నంతో గుండ్రంగా గీత గీయాలి. ఆ గీత లోపల విసిరినవాడు పళ్ళెం వదిలాక తూలి ముందుకు పడకూడదు, నిలదొక్కుకుని అప్పుడే అడుగు వెయ్యాలి. అది అంతర్జాతీయ నియమం, పెద్దవాళ్ళకూ అదే.

మేము ప్రతిపాదించే పట్టీ ఇది: మామూలు ప్లాస్టిక్‌లో వార్డెన్ పద్దెనిమిది, అందులో పన్నెండు తేలిక బరువువి. జడ్జ్ నాలుగు. బర్గ్ రెండు. రంగులు పసుపు, నారింజ అయితే గడ్డిలో దొరుకుతాయి, ఆకుపచ్చ ఒక్కటీ వద్దు. ప్రతి పళ్ళెం అడుగున మార్కరుతో నంబరు వెయ్యాలి, పిల్లల పేర్లు వెయ్యకూడదు. పేరు పడితే అది ఒకరి సొత్తవుతుంది. పెట్టె తాళంచెవి పదో తరగతి వాళ్ళ దగ్గర కాకుండా ఏడో తరగతి తమ్ముడి దగ్గర ఉండాలని మాలో అందరం ఏకగ్రీవంగా కోరుతున్నాం. ఈ విషయంలో జడ్జ్ పక్షం, వార్డెన్ పక్షం అనే తేడా లేదు. అభ్యంతరం ఉన్న పూర్వ విద్యార్థులు వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత సరుగుడు తోట దగ్గరకు రండి. ఐదు పట్టర్లూ అక్కడ ఉంటాయి, విసిరి చూసి మాట్లాడుకుందాం.